రెండేళ్లు తగ్గించి వేసిన పుట్టినతేదీ

1960 జూలై 30, శనివారం. మధ్యాహ్నం మూడు గంటలకు ఆఫీసు గదిలో సమావేశం. హాజరైనవారు: సూపరింటెండెంటు గారు, బయటి సభ్యుడిగా ఒక విశ్రాంత తహసీల్దారు గారు, నెల్లూరు నుంచి వచ్చిన ప్రొబేషన్ ఆఫీసరు, నమోదు చేసుకోవడానికి నేను. డాక్టరు గారు రాలేదు. వరండాలో పిల్లవాడు, వాడి తల్లి.

ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఇంతే. కింద ఇంకో రెండు పంక్తులు రాసి, మళ్లీ గట్టిగా కొట్టేశాను. ఏం రాశానో ఇప్పుడు చదవడానికి రావడం లేదు గానీ ఏం జరిగిందో మాత్రం మర్చిపోలేదు.

నేను అప్పుడు నేరం చేసిన పిల్లలను ఉంచే సర్టిఫైడ్ స్కూల్లో టీచరును. నెల్లూరికి తూర్పున, సముద్రానికి అరమైలు దూరంలో ఉండేది. చుట్టుపక్కల వాళ్లు దాన్ని పిల్లల జైలు అనేవారు. ఒకప్పుడు ఉప్పు నిలవచేసిన కొటారు అది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా గోడలు నిలుపుకునేవి కావు, వానాకాలంలో చెమటలు పట్టేవి. సముద్రం వైపు కిటికీలను నేను చేరకముందే ఇటుకలతో మూసేశారు. అంతకుముందు ఇద్దరు పిల్లలు అటు దూకి పారిపోయారట. మూసిన కిటికీల ముందే గోడకు బంగాళాఖాతం పటం తగిలించి భూగోళం చెప్పేవాణ్ణి. నేను మాట ఆపినప్పుడల్లా గోడ అవతల అలల చప్పుడు వినిపించేది.

పొద్దున ఐదున్నరకు గంట. వరసలో నిలబెట్టి లెక్క. రాగి సంకటి. రెండు గంటలు చదువు, నాలుగు గంటలు పని. చిన్నవాళ్లు మంచాలకు వేసే నవారు నేసేవారు, పెద్దవాళ్లు వడ్రంగం. మళ్లీ లెక్క. సాయంత్రం ఆరింటికి తాళం. పక్క తడిపినవాడు ఆ చాప నెత్తిన పెట్టుకుని అందరి ముందూ మూడు చుట్లు తిరగాలి. ఎదురు మాట్లాడినవాణ్ణి మిట్టమధ్యాహ్నం కొటారు గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబెట్టేవారు. నేను ఎవరినీ కొట్టలేదు. గచ్చు మీద నిలబడ్డవాళ్ల పేర్లు రాయడం మాత్రం నా పనే. పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా అని వేళలతో సహా రాసేవాణ్ణి.

ఇక నా అలవాటు సంగతి చెప్పాలి. సర్టిఫైడ్ స్కూలుకు రాకముందు పన్నెండేళ్లు పల్లెటూరి బడుల్లో పనిచేశాను. పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రుల్లో పుట్టినతేదీ తెలిసినవాళ్లు పదిమందిలో ఒకరుంటే గొప్ప. "రాసుకోండి అయ్యవారూ, మీకు తెలియందా" అనేవారు. మేం జూలై ఒకటి అని వేసేవాళ్లం. పిల్లవాడు చురుకైనవాడైతే ఒక ఏడాదో రెండేళ్లో తగ్గించి వేయడం మా అయ్యవార్లలో ఆనవాయితీ. పరీక్షలు ఒకటి రెండుసార్లు తప్పినా వయసు మించిపోదు, సర్కారు ఉద్యోగం దొరికితే రిటైరవడం వెనక్కు పోతుంది. అది మోసమని మేమెవ్వరం అనుకోలేదు. అయ్యవారు పిల్లవాడికి చేయగలిగిన మేలు అదొక్కటే అనుకునేవాళ్లం. నాకూ మా అయ్యవారు ఏడాదిన్నర తగ్గించి వేశారు. నా సర్వీసు మొత్తం ఆ లెక్క మీదే నడిచింది.

1957 అక్టోబరులో, నేను ఇక్కడ చేరిన రెండో నెలలో, ఈ పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. పులికాట్ వైపు బెస్తపల్లె. తండ్రి ఆ ఏడే తెప్ప తిరగబడి సముద్రంలో పోయాడు. వీడు నెల్లూరు బజారులో గోడకు ఆనించి ఉన్న సైకిలు తీసుకుపోతుంటే పట్టుకున్నారు. తొక్కడం రాదు గనుక తోసుకుంటూ పోతున్నాడు. రెండు మైళ్లు అలాగే తోశాడట. మా పిల్లలకు ఆ సంగతి తెలిసిన రోజు నుంచి వాడికి సైకిలు దొర అని పేరు పడింది. "దొరా, గాలి కొట్టమంటావా?" అని ఏడిపించేవారు. "నీ నోరే పంపు గదరా, నువ్వే కొట్టు" అనేవాడు వాడు.

కోర్టు కాగితంలో వయసు సుమారుగా అని ఉంది. చేర్చుకునే రిజిస్టరులో మాత్రం సుమారు పనికిరాదు, తేదీ కావాలి. తల్లిని అడిగాను. ఆమె వేళ్లు మడవలేదు, ఆలోచించనూ లేదు.

"బాంబుల యేడు పుట్టినాడు అయ్యోరా. మద్రాసోళ్లంతా జపానోడు బాంబులేస్తాడని రైళ్లెక్కి మనవైపు పారొచ్చినారు చూడు, ఆ ఎండాకాలం. మా పల్లెకు గూడా ఒక సంసారం వొచ్చింది. ఆ మద్రాసమ్మ పాత కోక చింపిస్తే, దాంట్లో చుట్టినాను ఈణ్ణి."

అంటే 1942. పదిహేను నిండింది. ఆ రాత నా డైరీలో ఇప్పటికీ ఉంది: "తల్లి చెప్పిన దాన్నిబట్టి 1942 ఏప్రిల్ లేక మే. నమ్మదగినది." తల్లి పక్కన వాడు తలెత్తి గోడ మీది అక్షరాల్ని కూడబలుక్కోవడం చూశాను. చదువు వచ్చే పిల్లవాడు అనిపించింది. రిజిస్టరు తెరిచి, పన్నెండేళ్ల అలవాటున నా చెయ్యి తానే రాసింది: 1944 జూలై 1.

ఇది మామూలు బడి కాదు. ఇక్కడ పద్దెనిమిది నిండితేనే గేటు తెరుస్తారు. బడిలో తగ్గించిన ఏడు పిల్లవాడికి లాభం, ఇక్కడ తగ్గించిన ఏడు శిక్ష. ఆ తేడా నాకు తట్టలేదు. రాసి, అద్దుడు కాగితం అద్ది, రిజిస్టరు మూశాను. తల్లితో, "రెండేళ్లు తగ్గించి వేశానమ్మా, ముందుముందు పనికొస్తుంది" అని చెప్పాను కూడా. ఆమె చేతులెత్తి దణ్ణం పెట్టింది.

రిజిస్టరు ప్రకారం పదమూడేళ్లవాడు గనుక వాణ్ణి చిన్నపిల్లలతో కూర్చోబెట్టారు. మోకాళ్లు బల్ల కింద పట్టేవి కావు, పక్కకు తిప్పుకుని కూర్చునేవాడు. ఎనిమిది నెలల్లో చదవడం వచ్చింది. ఏడాదికల్లా తోటి పిల్లలకు ఇంటి ఉత్తరాలు రాసిపెట్టేవాడు. ఒక్క లెక్కలు మాత్రం నా పద్ధతిలో చేసేవాడు కాదు. ఎంత సేపట్లో ఎంత దూరం అంటే, "గాలి ఎటు సార్?" అని అడిగేవాడు. మొదట్లో గచ్చు మీద నిలబెట్టించాను. తర్వాత నాకే నవ్వొచ్చి మానేశాను.

1960 జూన్‌లో, మొదటి ఆదివారం, పిల్లల్ని చూడ్డానికి పెద్దవాళ్లు వచ్చే రోజున తల్లి నా దగ్గరికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ ఏమీ అడగని మనిషి.

"మొన్న ఎండాకాలంతో పద్దెనిమిది నిండినాయి గదా అయ్యోరా. ఎప్పుడు పంపిస్తారు?"

"ఎందుకమ్మా అంత తొందర?"

"తొందర గాదు సామీ. వాళ్ల నాయన చోటుంది తెప్ప మీద. పోయినోడి చోటు కొడుక్కి ఉంచుతారు మావోళ్లు. ఈడు లోపల ఉండాడని మూడేళ్లు చూసినారు. ఇంక చూడలేమంటున్నారు. శ్రావణ పున్నమి లోపల ఈడొచ్చి తెప్ప మీద కాలు పెట్టాల. లేకుంటే ఇంకోడికిస్తారు. ఇచ్చినారంటే ఇచ్చినట్టే, మళ్లా రాదు."

"ఇంకో తెప్పలో దొరకదా?"

"ఎట్టా దొరుకుతుంది? జైలుకు పోయొచ్చినోణ్ణి ఎవురెక్కించుకుంటారు? ఇదంటే వాళ్ల నాయనది గాబట్టి కాదనలేరు."

ఆమెను కూర్చోమని చెప్పి ఆఫీసులోకి వెళ్లి రిజిస్టరు తీశాను. నా దస్తూరీ గుండ్రంగా, స్పష్టంగా ఉంటుంది. 1944 జూలై 1. అప్పుడే ముందు పుటలూ వెనక పుటలూ తిప్పాను. జూలై ఒకటి, జూలై ఒకటి, జూలై ఒకటి. నేను చురుకైనవాళ్లు అనుకున్న ప్రతి పిల్లవాడికీ అదే మేలు చేసి ఉన్నాను.

బయటికి వచ్చి ఆమెతో, "కమిటీ ముందు పెడదాం. నేను చెబుతాను" అన్నాను.

"నువ్వు చెప్తే చాలు అయ్యోరా" అంది.

చెప్పడమంటే ఏమిటో ఆ తర్వాత ఎనిమిది వారాలూ ఆలోచించాను. రిజిస్టరులో తప్పు పడింది అంటే చాలదు. తెలిసి తప్పు వేశాను అని నేనే చెప్పాలి. అంతకుముందు ఎండాకాలంలో హాజరు పట్టీలో ఒక గీత దిద్దినందుకు మా గుమాస్తాను సస్పెండు చేశారు. ఆ రోజు సూపరింటెండెంటు గారు మా అందర్నీ వరసలో నిలబెట్టి, "రికార్డు మీద చెయ్యి వేసినవాడికి ఈ కాంపౌండులో చోటు లేదు" అన్నారు. గుమాస్తా సామాను బండికెత్తించుకుంటుంటే మేమెవ్వరం సాయం పట్టలేదు.

సమావేశం రోజున 1957 డైరీని సంచిలో పెట్టుకుని వెళ్లాను. కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.

మొదట పిల్లవాణ్ణి పిలిచారు. గుండు మీద గాటు, కొత్తగా ఉతికిన ఖాకీ నిక్కరు. తహసీల్దారు గారు కళ్లజోడు సర్దుకుని చూశారు.

"ఏరా, మీసాలొచ్చాయే!"

"వొస్తే మంగలాయన తీసేస్తుండాడు సార్."

సూపరింటెండెంటు గారు నవ్వారు. "సముద్రపు గాలికి ఏపుగా పెరుగుతారు లెండి. రిజిస్టరు ప్రకారం పదహారు."

"ఏం చెయ్యాలనుకుంటున్నావు?" అని ప్రొబేషన్ ఆఫీసరు అడిగాడు. ఆయన చిన్నవాడు, మంచి మనిషి, తాను అడిగిన ప్రతిదానికీ జవాబు రాసుకునేవాడు.

"ఇంటికి పోతాను సార్. తెప్ప మీద చోటుంది."

"చదువు బాగా వస్తోందని మీ మాస్టారు రాశారే. ఇంకో రెండేళ్లుంటే ఎనిమిదో తరగతి కడతావు. వడ్రంగం కూడా వస్తుంది. తెప్ప మీద ఏముంది?"

వాడు నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను.

"చోటుంది సార్" అన్నాడు మళ్లీ.

వాణ్ణి పంపించి తల్లిని పిలిచారు. ఆమె గుమ్మం దగ్గరే కింద కూర్చోబోతే తహసీల్దారు గారు నిలబడమన్నారు.

"నీ కొడుక్కి ఎన్నేళ్లమ్మా?"

"పద్దెనిమిది నిండినాయి సామీ. బాంబుల యేడు పుట్టినాడు."

"బాంబులు మీ పల్లె మీద పడ్డాయా ఏమిటి?" అని తహసీల్దారు గారు సరదాగా అన్నారు.

"బాంబులు పళ్లేదు సామీ. జనం పడినారు."

ఆయన గట్టిగా నవ్వారు. "తెలివైనదే! ఎంతమంది పుట్టలేదు ఆ ఏడు? ఎవరికి కావాలంటే వాళ్లు ఆ ఏడే పుట్టించుకుంటారు."

అప్పుడామె చెయ్యి చాపి నన్ను చూపించింది. "ఈ అయ్యోరికి చెప్పినాను గదా చేర్పించిన పొద్దే. ఆయన రాసుకున్నాడు గూడా. అడగండి."

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"మాస్టారూ, ఈ ఎంట్రీ మీ దస్తూరీయే కదా?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"అవునండీ."

"తప్పంటారా?"

సంచి నా కాళ్లకు తగులుతూనే ఉంది. ఆ పుట ఎక్కడుందో చూడకుండా తీయగలను.

"ఈమె చెప్పిందా మీతో ఆ బాంబుల కథ?" అని ఆయనే మళ్లీ అడిగారు.

"చెప్పి ఉండవచ్చండీ" అన్నాను. "చాలామంది తల్లులు ఏదో ఒకటి చెబుతుంటారు. రికార్డు ప్రకారం ఇదే."

ఆ మాట నా గొంతులోంచి అంత నింపాదిగా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె నన్ను కాసేపు చూసి, చాపిన చెయ్యి దించుకుంది. నేను అబద్ధం చెప్పానని కాదు, నేను మర్చిపోయానని అనుకున్నట్టుంది ఆ చూపు.

డాక్టరు గారు ఉంటే పళ్లు చూసి వయసు చెప్పేవారేమో. ఆయన రాలేదు. లైసెన్సు మీద, అంటే ఆఫీసరు కనిపెట్టి ఉండే షరతుతో, ముందుగా పంపించే వీలుందా అని తహసీల్దారు గారు అడిగారు. సముద్రం మీద తిరిగేవాణ్ణి కనిపెట్టి ఉండటం సాధ్యం కాదని, ఇంట్లో మగదిక్కు లేదని, పిల్లవాడి మేలు కోరితే ఇక్కడే ఉంచాలని ప్రొబేషన్ ఆఫీసరు అన్నాడు. అందులో ఒక్క మాటా కోపంతో అన్నది కాదు. చదువు పూర్తయ్యేదాకా, అంటే 1962 జూలై దాకా, ఉంచాలని తీర్మానం. నేనే రాశాను. మొత్తం ఇరవై నిమిషాలు పట్టలేదు. తర్వాత టీ వచ్చింది.

సాయంత్రం తాళాలు వేసే ముందు లెక్క తీసుకుంటున్నప్పుడు వాడు వరసలో నుంచే మెల్లగా అడిగాడు.

"నాకిప్పుడు ఎన్నేళ్లని చెప్పుకోవాల సార్?"

పక్కనున్నవాడు, "దొరకు ఏడాదికేడాది వయసు తగ్గుతుండాదిరా, రేపు ఉయ్యాల్లో ఏస్తారు" అన్నాడు. పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు. నేను తర్వాతి నంబరు పిలిచాను.

ఆ తర్వాత ఏడేళ్లు అక్కడ పనిచేశాను. మళ్లీ ఎవరికీ వయసు తగ్గించి వేయలేదు. అప్పటికే వేసినవి అలాగే ఉండిపోయాయి. ఒక్కొక్కరి గడువు వచ్చినప్పుడు ఆ పుట తీసి చూసేవాణ్ణి, మూసేసేవాణ్ణి. వీడు 1962లో బయటికి పోయాడు. ఎనిమిదో తరగతి కట్టాడు, తప్పాడు. గూడూరు స్టేషనులో మూటలు మోస్తున్నాడని ఒకరు, కాదు మద్రాసు పోయాడని ఒకరు చెప్పారు. నేను వెతకలేదు. నేను మాత్రం నా ఏడాదిన్నర పూర్తిగా వాడుకుని, పూలదండతో రిటైరయ్యాను.

ఆ సమావేశం మర్నాడు, ఆదివారం, పొద్దున ఏడు గంటలకు నేను గేటు దాటుతుంటే తల్లి అక్కడే ఉంది. బస్సు తప్పిపోయి పెద్దవాళ్లు వేచి ఉండే పాకలో పడుకుందట. కోకకు ఇసుక అంటుకుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"కాయితం రాసిస్తావా అయ్యోరా?"

"దేనికమ్మా?"

"చోటు ఒదులుకుంటున్నానని. నోటిమాట చాలదంటారు మా పెద్దోళ్లు. రేప్పొద్దున ఈడు బయటికొచ్చి నా చోటేదిరా అని తగువుకు పోతాడని వాళ్ల బయం. ఎట్టాగూ ఒదిలేదే గదా. పున్నమి దాకా ఎందుకు, ఈ పొద్దే ఇచ్చేస్తే వాళ్లకీ మంచిది."

వెళ్లి కాగితం, సిరా తెచ్చాను. పాకలో బల్ల మీద పెట్టుకుని రాశాను. ఎవరికివ్వాలని అడిగితే, వాడి పెదనాయన కొడుక్కి అంది. కొడుకు ఎప్పుడొస్తాడో రాయాలా అని అడిగాను.

"నీకెట్టా తెలుస్తే అట్టా రాయి" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు.

తేదీ వేశాను. చదివి వినిపించాను. వేలికి సిరా రాసి ముద్ర వేయించాను. కాగితం ఆరాక ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

ఆ వేళకు పిల్లలు వరసగా బయటి బావి నుంచి కావిళ్లతో నీళ్లు మోస్తున్నారు. వాడు మూడోవాడు. వార్డరు కర్ర పట్టుకుని వెనకే నడుస్తున్నాడు. ఆదివారం గనుక మాట్లాడుకోనిస్తాడేమో అనుకున్నాను. ఆమె దారి పక్కన నిలబడి, "ఒరే అబ్బయ్యా, చోటిచ్చేసినారా" అంది.

వాడు కావడి దించకుండానే ఆగాడు. "ఎవురికి?"

"మీ పెదనాయన కొడుక్కి."

"చిన్నోడికా?" కాస్త ఆలోచించాడు. "వాడికి గాలి తెలవదు గదమ్మా."

"నడువు, నడువు" అన్నాడు వార్డరు. వాడు కావడిని ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకుని వంటింటి వైపు పోయాడు. ఆమె బస్సు వచ్చే రోడ్డు వైపు నడిచింది.